తొమ్మిదివందల డెబ్బై గ్రాములు

లాప్‌టాప్ వెనక మూత విప్పగానే ముందు బయటపడేది దాన్ని వాడిన మనిషి. కీల కింద గోళ్ల ముక్కలు, కనుబొమ్మల వెంట్రుకలు, చుండ్రు, బిస్కట్ పొడి, ఎండి నల్లబడిన చక్కెర పాకం. వాటన్నిటి మీద దోహా ఇసుక, పసుప్పచ్చగా, పిండి జల్లించినట్టు. షాపులో అద్దంలా మెరిసిన సరుకు ఏడాది తిరక్కుండా పై అంతస్తులో ముఖీత్ బల్ల మీదికి వస్తుంది. అతడు ఎడమచేతికి మాత్రమే రబ్బరు తొడుగు వేసుకుంటాడు. కుడిచేతికి వేసుకుంటే స్క్రూ ఎంత బిగిసిందో వేళ్లకు తెలియదు. అందుకని ఇంటికి వెళ్లేముందు ఆ కుడిచేతిని మూడుసార్లు సబ్బుతో కడుక్కుంటాడు. అయినా అన్నం కలుపుకునేటప్పుడు ఒక్క క్షణం వేళ్లవైపు చూసుకుంటాడు.

ఆ ఆదివారం పొద్దున వచ్చిన సన్నటి లాప్‌టాప్‌లో మాత్రం మురికి లేదు.

ఒక కట్టడాల కంపెనీ పంపింది. అబూ హమూర్‌లో వాళ్లు బడి భవనమొకటి కడుతున్నారు. ఆ సైటులో కూలీల హాజరు రాసే టైంకీపర్ దగ్గరుండేది ఇది. మీద అంటించిన చీటీలో ఇంగ్లీషులో రెండే ముక్కలున్నాయి: టీ పడి పాడైంది, రిపోర్టు ఇవ్వండి.

కీల సందుల్లో దూదిపుల్లతో తుడిచిన గీతలు కనిపించాయి. మూత అంచుల్లో ఇసుక రేణువు లేదు. ఇంత శుభ్రంగా పెట్టుకున్నవాడు టీ ఎలా పోశాడా అనుకుంటూ ముఖీత్ దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. అది సమంగా కూర్చోలేదు. పడవలా అటూ ఇటూ ఊగింది. పది స్క్రూలు తీసి, సన్నటి ప్లాస్టిక్ బిళ్ల అంచులో దూర్చి చుట్టూ తిప్పి మూత లేపేసరికి మాగిపోయిన పండులాంటి తియ్యటి వాసన గుప్పున వచ్చింది. అతడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎండకు ఉడికిన బ్యాటరీ వాసన అది. నల్లటి పలక పూరీలా ఉబ్బి, పైనున్న టచ్‌ప్యాడ్‌ను తన్ని, పక్కనున్న బోర్డును వంచేసింది.

నీళ్లు తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కర్ ఒకటి ఇలాంటివాటి లోపల అంటించి ఉంటుంది. ముఖీత్ టార్చి వేసి చూశాడు. అప్పుడే అంటించినంత తెల్లగా ఉంది. అలవాటు ప్రకారం ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకుని, నోట్‌బుక్కులో రాసుకున్నాడు: వేడికి బ్యాటరీ ఉబ్బింది, బోర్డు విరిగింది, తడి లేదు.

మధ్యాహ్నం షాపు యజమాని వేణుగోపాలరావు మెట్లెక్కి వచ్చాడు. భీమవరం వైపు మనిషి, యాభై దాటాయి, దోహాకొచ్చి ఇరవై ఏళ్లయింది. ముఖీత్ సొంతూరు బోధన్. ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకుంటారు, ఎవరి తెలుగు వాళ్లది. రావు ఆ రోజు హుషారుగా ఉన్నాడు. ఇదే కంపెనీ తమ సైట్లన్నిటికీ కలిపి నలభై లాప్‌టాప్‌లు కొనబోతోందట. తేలికపాటివి మూడు రకాలు తీసుకుని, ఏది మంచిదో పోల్చి రాసిమ్మని అడిగిందట. కింద అమ్మేవాళ్లకు పెట్టెమీది మాటలు తప్ప ఏమీ తెలియవనీ, ముఖీతే ఆ పని చూడాలనీ చెప్పాడు.

ముఖీత్‌కు చాలాకాలం తర్వాత ఒళ్లు తేలికైనట్టనిపించింది. చచ్చినవాటిని కోయడమే తప్ప బతికున్నవాటిని పరీక్షించమని అతడినెవరూ ఎప్పుడూ అడగలేదు.

*

షాపు డాబా మీద ఒక రేకుల షెడ్డు ఉంది. పాత మానిటర్లు, విరిగిన కుర్చీలు, పావురాల రెట్టలు. ఏసీ లేదు. జూలైలో ఆ షెడ్డులోకి ఎవరూ అడుగు పెట్టరు. సోమవారం పదిన్నరకు ముఖీత్ ఒక బల్ల తుడిచి, మూడు కొత్త లాప్‌టాప్‌లు వరసగా పెట్టి, వాటి మీద ఒకటి, రెండు, మూడు అని టేపు అంటించాడు. గోడకు వేలాడదీసిన థర్మామీటరు నలభై ఆరు చూపిస్తోంది. సైటు క్యాబిన్లో కూర్చునేవాడికి ఏది పనికొస్తుందో తెలియాలంటే తనూ అలాగే కూర్చోవాలి.

ఒకటో నంబరు పాడైనదాని కొత్త తరం. షాపు త్రాసులో తొమ్మిదివందల డెబ్బై గ్రాములు తూగింది. రెండు వేళ్లతో లేపవచ్చు. అంచు కత్తిలా ఉంటుంది. రెండోది నల్లగా, మొరటుగా పదమూడువందల నలభై. మూడోది రెంటికీ మధ్య. కింద షాపులో గిరాకీలు మొదట చేసే పని లాప్‌టాప్‌ను చేత్తో ఎత్తి చూడటం. తేలికగా ఉంటే ముఖం విచ్చుకుంటుంది. ఆ తేలికకోసం లోపల ఏమేం తీసేశారో ఎవరూ అడగరు. ముఖీత్‌కు తెలుసు. ఫ్యాన్ తీసేశారు. మెమరీని బోర్డుకే అతికించారు, రేపు చాలకపోతే మార్చడానికి లేదు. బ్యాటరీని జిగురుతో పట్టించారు. తీగలు తగిలించే పక్కల బొక్కలన్నీ పూడ్చి రెండే ఉంచారు. హాజరుకు వేలిముద్ర తీసుకునే యంత్రం తగిలించాలంటే ఇంకో అడాప్టరు కావాలి.

మూడింటిలోనూ ఒకే పెద్ద హాజరు పట్టిక తెరిచి, ఒకదాని తర్వాత ఒకటి టైపు చేస్తూ కూర్చున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుంది. నుదుటి చెమట కళ్లలోకి దిగుతుంటే భుజంతో తుడుచుకున్నాడు. ఇరవై నిమిషాలకు ఒకటో నంబరు నత్తలా నడవడం మొదలుపెట్టింది. అక్షరం కొడితే రెండు లెక్కపెట్టాక తెర మీదికి వస్తోంది. నలభై నిమిషాలకు తెర దానంతటదే మసకబారింది. కింద చెయ్యి పెడితే పెనం. దానికి ఊపిరాడటం లేదు, ఎవరికీ చెప్పుకోలేక లోపల్లోపల ఉడికిపోతోంది అనిపించింది అతడికి.

రెండోది ఫ్యాన్ వేసుకుని గాడిదలా రొద పెట్టింది కాని పని ఆపలేదు. అలాగని దానికి వంక లేదని రాయలేదు ముఖీత్. ఫ్యాను గాలితోపాటు ఇసుకనూ లాగుతుంది. మూణ్నెల్లకోసారి విప్పి దులపకపోతే అదీ చస్తుంది. బ్యాటరీ పెట్టెమీద పద్నాలుగు గంటలన్నారు, ఈ ఎండలో ఎనిమిదైనా వస్తే గొప్ప. కాకపోతే ఆ బ్యాటరీ నాలుగు స్క్రూలు తీస్తే ఊడి వస్తుంది. మూడోదాని తెర అన్నిటికంటే అందమైనది. తలుపు తీసి వెలుతురులో పెడితే అంకెలకు బదులు తన ముఖమే కనిపించింది, చెమటతో, నోరు తెరుచుకుని.

మూడు గంటలకు కిందికి దిగాడు. ఒక లీటరు నీళ్లు తాగి, ఏసీ కింద కూర్చుని, పోలిక పట్టిక రాశాడు. బరువు, బ్యాటరీ, కీలు, తెర, బొక్కలు, రిపేరు. అన్నిటికంటే పైన పెద్దక్షరాలతో, ఎండలో పనితీరు. ఏది కావాలంటే ఏది వదులుకోవాలో ప్రతి గడిలోనూ రాశాడు. చివర ఒకే వాక్యం: సైటుకు రెండో నంబరు, ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవారికి ఏదైనా ఫరవాలేదు.

*

మంగళవారం రావు ఆ పట్టికను నిలబడే చదివాడు. చదువుతున్నంతసేపూ కింది పెదవిని పళ్లతో నొక్కుతూనే ఉన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, పిల్లాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

ఆ కంపెనీలో కొనుగోళ్లు చూసే మేనేజరు మొహసిన్‌కు ఒకటో నంబరే కావాలి. రెండేళ్ల కిందట ఆ సన్నటి రకాన్ని ఏరింది ఆయనే. మీటింగులకు చంకలో పెట్టుకుని తిరిగేదీ అదే. ఇప్పుడు అది ఎండకు ఉడికిపోయిందని రిపోర్టు వెళితే ఆయన ఎంపిక తప్పని తేలుతుంది. మళ్లీ అదే రకం నలభై కొనడానికి వీల్లేదు. కాబట్టి పాతది టీ పడి పాడవ్వాలి. ఆ టైంకీపరు ఎలాగూ టీ పోశానని ఒప్పుకున్నాడట. ఒప్పుకున్నవాడికి లేని నొప్పి మనకెందుకు అన్నాడు రావు.

"స్టిక్కర్ తెల్లగుంది సార్," అన్నాడు ముఖీత్. "తడి తగిల్తే ఎర్రగైతది. ఇది తెల్లగున్నది."

రావు లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. విప్పి పెట్టిన లాప్‌టాప్ మీదికి వంగాడు. చూపుడువేలు నాలుక మీద పెట్టుకుని, నోట్లో ఒకసారి తిప్పుకుని, ఆ వేలిని స్టిక్కర్ మీద అద్దాడు. కవరు అంటించేవాడిలా ఓపికగా, రెండు మూడు క్షణాలు నొక్కి ఉంచాడు. వేలు తీసేసరికి తెల్లటి చుక్కలో గులాబీరంగు విచ్చుకుంది. చూస్తూండగానే ఎర్రగా పాకింది.

"ఇప్పుడు ఏ రంగులో ఉంది?"

ముఖీత్ ఆ ఉమ్మి తడివైపు చూశాడు. చిన్న బుడగ ఒకటి స్టిక్కర్ అంచున నిలిచి పగిలింది. రావు వేలిని ప్యాంటుకు తుడుచుకుని, ముందే టైపు చేయించి తెచ్చిన రిపోర్టు కాగితం బల్ల మీద పెట్టాడు. కారణం, ద్రవపదార్థం పడటం. వాడినవారి అజాగ్రత్త. కింద టెక్నీషియన్ సంతకానికి చుక్కల గీత.

ఆ సమయంలో ఏం ఆలోచించాడని తర్వాత ఎవరైనా అడిగితే ముఖీత్ చెప్పలేడు. ఏమీ ఆలోచించలేదు. పెన్ను ఇచ్చారు, పట్టుకున్నాడు. రావు వాచీ చూసుకున్నాడు. సంతకం చేయడానికి పట్టినంతసేపే పట్టింది. కాగితం మడతపెట్టుకుని రావు దిగిపోయాక, స్పిరిట్ సీసా తీసి తన కుడిచెయ్యి మణికట్టుదాకా తడుపుకున్నాడు. చర్మం చల్లబడి మండింది. మధ్యాహ్నం డబ్బా విప్పాడు. పప్పు మీద పేరుకున్న నూనె తేటను చూసి మళ్లీ మూత పెట్టేశాడు.

*

బుధవారం ఒంటిగంటకు, రావు భోజనానికి ఇంటికి వెళ్లిన వేళ, ఒకాయన మెట్లెక్కి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. కంపెనీ నీలం చొక్కా, ఇస్త్రీ చేసి ఉంది. ఎండలో బస్సు దిగి నడిచి వచ్చినట్టున్నాడు, మెడ మీద ఉప్పు చారలు కట్టాయి. చెప్పులు విప్పబోతుంటే ముఖీత్ వద్దన్నాడు. అయినా విప్పే లోపలికి వచ్చాడు.

పేరు మారుతి అనీ, జగిత్యాల దగ్గర పల్లె అనీ, అబూ హమూర్ సైటులో టైంకీపరుగా ఉండేవాణ్ననీ చెప్పుకున్నాడు. చేతిలోని ప్లాస్టిక్ కవరు తెరిచి, ఉతికిన తువ్వాలులో చుట్టిన చార్జరు తీశాడు. తీగ ఎక్కడా మెలిపడకుండా గుండ్రంగా చుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఉంది.

"మిషినే తీస్కపోయిండ్రు భాయ్‌సాబ్. ఇది ఎవ్వలడగలే. ఇది గూడ కంపెనీదే గద. నా తాన ఉంటే మంచిగుండదని తెచ్చిన."

ముఖీత్ దాన్ని తీసుకుంటుండగా ఆ వేళ్లు కనిపించాయి. కాంక్రీటులో వేసే ఇనప సలాకలకు కట్టే తీగ కోసిన సన్నటి గాట్లు. కొన్ని పచ్చివి. పది రోజులైంది మళ్లీ సలాకల పనికి వేసి అన్నాడు మారుతి, ముఖీత్ చూపును గమనించి చేతులు వెనక్కి పెట్టుకుంటూ. పదహారేళ్లు ఆ పని చేశాకే టైంకీపరయ్యాడట. ఒక మలయాళీ ఫోర్‌మన్ చదువు వచ్చని గమనించి కంప్యూటరు నేర్పించాడట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం అతడి తల కొంచెం పైకి లేచింది.

నీళ్లిచ్చి కూర్చోబెట్టాక తక్కినదంతా మెల్లగా బయటికొచ్చింది. క్యాబిన్ ఏసీ జూన్ మొదట్లోనే ఆగిపోయింది. రెండుసార్లు రాసిచ్చాడు. ఎవరూ రాలేదు. రేకుల డబ్బాలో మధ్యాహ్నం కూర్చుంటే కుర్చీ ఇనుము కాలేది. లాప్‌టాప్ పని చేస్తూ చేస్తూ గుడ్డిదైపోయేది. కింద గాలాడాలని రెండు చెక్కముక్కలు పెట్టాడు. అదీ చాలకపోతే ఒక చేత్తో టైపు చేస్తూ ఇంకో చేత్తో ఫైలు అట్ట పట్టుకుని దానికి విసిరేవాడు.

"దానికా?" అన్నాడు ముఖీత్.

"దానికే. నాకు ఇసురుకుంటే ఏమొస్తది? అది ఆగిపోతే నూటనలభై మంది హాజరు ఆగిపోతది."

ఒకరోజు అది తెరుచుకోలేదు. క్యాంపు బాసు వచ్చి ఏం పోశావని అడిగాడు. ఏమీ పోయలేదన్నాడు మారుతి. ఊరికే ఎందుకు పాడవుతుంది, టీ పోశానని రాసిచ్చేయ్, వార్నింగు లెటరుతో పోతుంది, లేకపోతే ఇంటికి పంపిస్తారు అన్నాడు బాసు. రాసిచ్చాడు. ఏం పడ్డదో నాకు నిజంగా తెల్వది భాయ్‌సాబ్, పడకపోతే ఎట్ల ఖరాబైతది అంటూ ముఖీత్ ముఖంలోకి చూశాడు. అది ప్రశ్నే. జవాబు కోసమే ఇంత ఎండలో వచ్చాడని ముఖీత్‌కు అప్పుడు తెలిసింది. చార్జరు ఒక సాకు.

జవాబు ఫోనులో ఫొటోగా ఉంది. నాలుక చివర మాటగానూ ఉంది. కాని నిన్ననే ఆ రిపోర్టు మీద సంతకం పెట్టాడు. అది ఇంక బాగుకాదు అని మాత్రం అన్నాడు ముఖీత్, చార్జరు తువ్వాలును అక్కర్లేకపోయినా మళ్లీ మడుస్తూ. మారుతి తల ఊపి, తువ్వాలు తీసుకుని, మధ్యాహ్నపు ఎండ విరామం అయ్యాక మూడున్నరకు డ్యూటీ ఉందని చెప్పి చెప్పులు వేసుకున్నాడు. మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా ముఖీత్ కదల్లేదు. తన మీద తనకు కలిగిన రోత ఆ బ్యాటరీ వాసనలాగే తియ్యగా, చిక్కగా, ముక్కులోంచి పోకుండా ఉండిపోయింది.

*

గురువారం పొద్దున అల్ హిలాల్‌లోని కంపెనీ ఆఫీసుకు ఇద్దరూ రావు కార్లో వెళ్లారు. మూడు లాప్‌టాప్‌లు ముఖీత్ ఒళ్లో ఉన్నాయి. నువ్వు మోసుకొస్తే చాలు, మాట్లాడేది నేను చూసుకుంటాను అన్నాడు రావు దారిలో. విల్లాను ఆఫీసుగా మార్చారు. లోపల ఏసీ ఎంత చల్లగా ఉందంటే ముఖీత్ చేతుల మీద వెంట్రుకలు నిక్కాయి.

మొహసిన్ ఒకటో నంబరును పెట్టెలోంచి తానే తీశాడు. రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, గాలిలో అటూ ఇటూ తిప్పి, దీని ముందు తక్కినవి ఇటుకల్లా ఉన్నాయని నవ్వాడు. బల్లకు అవతల పెద్ద ఇంజనీరు కూర్చున్నాడు. అరబ్బు, తలనెరిసినవాడు, సన్నగా మాట్లాడతాడు. ఆయన ముందున్న పట్టికను ముఖీత్ తలకిందులుగానే చదివాడు. తను రాసిందే. కాని మొదటి వరస బరువు. ఎండలో పనితీరు అనే వరస మొత్తానికే లేదు. ఆ వరస పోయిన చోట అతుకు కూడా కనిపించకుండా తక్కినవి పైకి జరిగి కూర్చున్నాయి. కింద మాత్రం పరీక్షించినవారు అని తన పేరు అలాగే ఉంది.

ఇంజనీరు కళ్లద్దాలు తీసి, వీటిని పరీక్షించిందెవరని అడిగాడు. రావు చెయ్యి చూపించాడు.

"క్యాబిన్లో కూర్చోవలసింది నువ్వైతే ఏది తీసుకుంటావు?" అన్నాడాయన ముఖీత్‌తో, ఇంగ్లీషులో.

రావు బూటు ముఖీత్ బూటును తాకింది. ముఖీత్ లేచి నిలబడ్డాడు. రెండో నంబరు అన్నాడు. ఎందుకని అడక్కముందే ఒకటో నంబరును బోర్లా తిప్పి, దీనికి గాలి పీల్చే రంధ్రాలు లేవు, లోపల ఫ్యాను లేదు, రేకుల షెడ్డులో నలభై నిమిషాలకు గుడ్డిదైంది అని చెప్పాడు. రెండోదాని రొద గురించి, ఇసుక గురించి, బరువు గురించి కూడా చెప్పాడు. తన ఇంగ్లీషు తడబడుతోందని తెలుస్తూనే ఉంది, ఆగలేదు. ఫోను తీసి ఆదివారం ఫొటో ఇంజనీరు ముందు పెట్టాడు. ఉబ్బిన బ్యాటరీ, పక్కనే తెల్లటి స్టిక్కరు, కింద తేదీ, సమయం. ఇది మా దగ్గరికి వచ్చినప్పుడు తెల్లగా ఉంది. మా షాపులో ఎర్రబడింది. టీ పడలేదు. మీ టైంకీపరు అట్టతో దానికి విసిరాడు, దానికి ఫ్యాను లేదు కనక. రిపోర్టు తప్పు. దాని మీద సంతకం నాది.

ఇప్పుడు కేకలు వేస్తారు, బయటికి పొమ్మంటారు అనుకున్నాడు ముఖీత్. అందుకు ఒళ్లు బిగబట్టుకుని నిలబడ్డాడు.

ఎవరూ కేకలు వేయలేదు. రావు చిన్నగా నవ్వి, రిపేరు బల్ల మీద చెమట చేతులు తగలడం మామూలేనని, పొరపాటుకు చింతిస్తున్నామని అన్నాడు. మొహసిన్ ఆ మాటను ఎగిరి అందుకుని, అవును, అలా జరుగుతుంటుంది అన్నాడు. ఇంజనీరు ఫొటోను పెద్దది చేసి చూసి, మంచి పని చేశావు అంటూ ఫోను తిరిగిచ్చాడు. సైట్లకు నలభై, రెండో నంబరు. ఆఫీసువాళ్లకు కావాలంటే ఆ సన్నవి రెండో మూడో. సంతకం చేసి కాగితం మొహసిన్ వైపు తోశాడు. మూడు నిమిషాల్లో అయిపోయింది. తన ఎంపిక తప్పని ఎవరూ అనకపోవడంతో మొహసిన్ ముఖంలో కూడా బరువు దిగిన చిరునవ్వు కనిపించింది.

"మరి మారుతి?" అన్నాడు ముఖీత్. ఎవరికీ అర్థం కాకపోతే, టైంకీపరు, అతడి మీది లెటరు, అతణ్ని సలాకల పనికి వేశారు అని విడమరిచాడు.

ఇంజనీరు మొహసిన్‌ను చూశాడు. మొహసిన్ తల అడ్డంగా ఊపి, ఆ మనిషి తన చేత్తో ఒప్పుకోలు రాసిచ్చాడని, లెటరు కూడా వెళ్లిపోయిందని చెప్పాడు.

"అది వేరే ఫైలు," అన్నాడు ఇంజనీరు మర్యాదగానే. కళ్లద్దాలు పెట్టుకుని ఇంకో కాగితం అందుకున్నాడు.

తిరుగుదారిలో రావు కారు ఒక టీ కొట్టు ముందు ఆపి హారన్ కొట్టాడు. కడక్ చాయ్ రెండు కప్పులు కారు దగ్గరికే వచ్చాయి. రావు ఒకటి ముఖీత్ చేతికిచ్చి, మాట మొదలుపెట్టాడు. అందులో కోపం లేదు. అదే ముఖీత్‌కు భరించరానిదైంది.

"చెప్పకుండా చేశావు గాని, బాగానే చేశావయ్యా. రెండో నంబరులో మనకే ఎక్కువ మిగులుతుంది. వారానికి రెండ్రోజులు కింద షాపులో కూర్చో. నువ్వు అలా మాట్లాడితే జనం నమ్ముతారు."

ఆ మాట అంటూ అతడు కప్పు అంచుకు కారిన చుక్కను చూపుడువేలితో తుడిచి నాకాడు. ముఖీత్ తన కప్పును ముందు అద్దం దగ్గర పెట్టి, తలుపు తీసుకుని దిగాడు. నడిచి వస్తానన్నాడు. ఈ ఎండలోనా అన్నాడు రావు నిజంగానే ఆశ్చర్యపోతూ.

*

ఆ సాయంత్రమే కొత్త రిపోర్టు రాశాడు ముఖీత్. షాపు ముద్ర రావు సొరుగులో ఉంటుంది, అందుకని ముద్ర లేదు. సంతకం మాత్రం ఉంది, మొదటిదాని కంటే పెద్దగా. కంపెనీకి మెయిలు చేశాడు. జవాబు రాలేదు. ఒక ప్రతి అచ్చు తీసుకుని, శుక్రవారం జుమా నమాజు అయ్యాక సనయ్య పారిశ్రామికవాడలోని లేబర్ క్యాంపుకు బస్సెక్కాడు.

గదిలో ఎనిమిది మంచాలు, కిందా మీదా. ఏసీకి చినిగిన లుంగీ కట్టి నీరు బకెట్‌లోకి కారేలా చేశారు. సాక్సులు, మాడిన నూనె, తడిసి ఆరని దుప్పట్లు, అన్నీ కలిసిన వాసన గుమ్మంలోనే ముఖానికి కొట్టింది. శుక్రవారం కాబట్టి అందరూ ఉన్నారు. ఒకడు కూరగాయలు తరుగుతున్నాడు. మారుతెక్కడ అని ముఖీత్ అడిగితే ఇద్దరు నవ్వారు.

"చాయ్ మారుతీ, తుమ్హారా మెహమాన్," అన్నాడొకడు, నీ కోసం ఎవరో వచ్చారని లోపలికి కేకేసి.

మూలనున్న కింది మంచం మీద మారుతి అంగీకి గుండీ కుడుతున్నాడు. ఆ పిలుపుకు అతడు తలెత్తలేదు. ముఖీత్ గొంతు వినే లేచాడు. వచ్చిన పని ముఖీత్ నిలబడే చెప్పాడు. లాప్‌టాప్‌లో తడి లేదు, వేడికి పోయింది, ఇదిగో కాగితం. అన్నా, ఇది కంపెనీలో చెల్లకపోవచ్చు, నీ పని తిరిగిస్తరని నేను చెప్పలేను, వాళ్లు వేరే ఫైలు అంటున్నరు అని కూడా దాచకుండా చెప్పాడు.

మారుతి కాగితం తీసుకోలేదు. సూది అంగీకి గుచ్చి పక్కన పెట్టాడు.

"మల్ల చెప్పు భాయ్. లోపల తడే లేదా?"

"లేదు."

"జరంత గూడ?"

"బొట్టు గూడ లేదన్నా."

మారుతి మంచం పట్టె మీద కూలబడ్డాడు. తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"చెమటేమో అనుకున్న," అన్నాడు సన్నగా. "టైపు చేస్తుంటే గదుమ మీదికెల్లి రాలేది. తుడుసుకుంటనే కొట్టేటోన్ని. ఎప్పుడో ఒక్క బొట్టు నేను సూడక లోపటికి పోయిందేమో, అది నా చెమటకే సచ్చిందేమో అనుకున్న. పదిహేను దినాల సంది గదే సోచాయిస్తున్న. చాయ్ అని ఒట్టిగనే రాసిచ్చిన గని, తప్పు నాదే అనుకున్న."

మారుతి లేచి, ముఖీత్ మోచేయి పట్టుకుని గది మధ్యకు నడిపించాడు.

"వీళ్లకు చెప్పు. హిందీల చెప్పు. చాయ్ మారుతి అంటున్నరు నన్ను. పొద్దుగాల నా గిలాస దూరం పెడుతుండ్రు, నగుకుంట."

ముఖీత్ చెప్పాడు. లాప్‌టాప్ మీద మారుతి ఏమీ పోయలేదని, దానిలో ఫ్యాను లేదని, క్యాబిన్ వేడికి బ్యాటరీ ఉబ్బి పోయిందని, తను స్వయంగా విప్పి చూశానని, చాయ్ పడిందన్న షాపు రిపోర్టు తప్పని. తరుగుతున్న కత్తి ఆగింది. నవ్వినవాళ్లలో ఒకడు నేల చూశాడు. పై మంచం మీదినుంచి నేపాల్ మనిషి ఒకడు కాళ్లు కిందికి వేలాడేసి అంతా విన్నాడు. విని, ఎగతాళి లేకుండానే అడిగాడు. చాయ్ పడలేదు సరే, మరి పడిందని రిపోర్టు రాసిందెవరు?

ముఖీత్ మారుతి వైపు తిరిగి, తెలుగులో, అతడికి మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"నేనే సంతకం పెట్టినన్నా. నువ్వు చార్జరు తెచ్చిన నాటికే పెట్టిన. నీ మొకం చూసుకుంట గూడ చెప్పలే."

మోచేతి మీది పట్టు సడలింది. మారుతి అతడి ముఖంలోకి చూశాడు. కోపం కోసం ముఖీత్ వెతికాడు, అది ఉంటే కొంత సులువయ్యేది. ఏసీ నీళ్లు బకెట్‌లో టప్పుటప్పుమని పడుతున్నాయి. గదిలో అందరూ ఈ ఇద్దరినీ చూస్తున్నారు, ఏం మాట్లాడుకున్నారో తెలియక.

"గది గూడ హిందీల చెప్పు," అన్నాడు మారుతి. "అందరికీ తెల్వాలె."

అతడు వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. ముఖీత్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గది మధ్యలో నిలబడి, పై మంచం మీది మనిషి కళ్లలోకి చూస్తూ, మొదలుపెట్టాడు.